ఈనుటకు అనుమతి కోరుతూ

ఫోను మోగితే మంగాయమ్మకు ముందు గుండె ఆగేది, ఆ తర్వాత ఫోను ఎత్తేది. వాన పడితే గోడ కూలుతుందని, పడకపోతే బోరు ఎండిపోతుందని ఆమె భయం. కూతురు కస్తూరి అయిదు నిమిషాలు ఆలస్యంగా వస్తే లారీ గుద్దేసిందనుకునేది, అయిదు నిమిషాలు ముందొస్తే ఉద్యోగం పోయిందనుకునేది. అలాంటి మనిషికి ఆ మంగళవారం కూతురు ఏకంగా గంట ముందే గుమ్మంలో కనపడింది.

"పీకేశారా?" అంది, చేతిలో తవుడు బకెట్టు కింద పెట్టేసి.

"నన్ను కాదమ్మా. మన చంద్రిని తీసుకుంటున్నారు."

చంద్రి వాళ్ళ గేదె.

కాలవ గట్టు మీద, ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో, గడ్డి ఇంధన పరిశోధనా మండలి అని ఒక పెద్ద తెల్ల మేడ ఉంది. కస్తూరి అందులో కాంట్రాక్టు మీద ప్రయోగశాల సహాయకురాలు. అక్కడ చేసే పనేమిటో కూతురు తల్లికి చాలాసార్లే చెప్పింది. వరిగడ్డిలో పీచు ఉంటుంది. ఆ పీచు అంతా నిజానికి చక్కెరే. కాకపోతే ఆ చక్కెర ముక్కలు ఒకదాని చెయ్యి ఒకటి గట్టిగా పట్టుకుని వరసగా నిలబడి ఉంటాయి. ఆ చేతులు విడదీసే సరుకు పేరు ఎంజైము. చేతులు విడితే చక్కెర వస్తుంది, దాన్ని పులియబెడితే బళ్ళు నడిచే ఇంధనం వస్తుంది. ఏదో బూజులోంచి తీసిన ఎంజైముకి ఇక్కడో ముక్క మార్చి, అక్కడో ముక్క అతికించి, మండలివారు ఎనిమిదేళ్ళలో నలభై ఏడు రకాలు తయారుచేశారు. నలభై ఏడోది, జీ-47, కేజీ గడ్డిని తొమ్మిది రోజుల్లో సగం కరిగించింది. అందుకు డైరెక్టర్ డాక్టర్ వరహాలరావుగారికి శాలువా కూడా కప్పారు.

ఇదంతా విన్న ప్రతిసారీ మంగాయమ్మ అడిగేది ఒకటే. "అది పేలదు కదే?"

పేలలేదు. కానీ రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఏ ఫలితాన్నయినా ఒక ప్రమాణ పరికరం ఫలితంతో పోల్చి చూపవలెను. అంటే గడ్డిని అరిగించడంలో దిట్ట అని పేరుపడ్డ యంత్రం ఒకటి పక్కన ఉండాలి, దాని ముందు జీ-47 ఎంతో తేలాలి. అలాంటి యంత్రం ఎక్కడ దొరుకుతుందని మండలివారు మూడు గంటలు సమావేశమయ్యారు. మినిట్స్ రాస్తున్న కస్తూరికి ఆకలేసి, విసుగొచ్చి, "మా గేదె రెండు రోజుల్లో అరిగించేస్తుందండీ" అనేసింది. అందరూ పకపకా నవ్వారు.

ఆ మండలిలో ఒక పద్ధతి ఉంది. నవ్వు మినిట్స్‌లోకి ఎక్కదు, మాట ఎక్కుతుంది. మినిట్స్‌లోకి ఎక్కిన మాట మీద వచ్చే సమావేశానికల్లా చర్య తీసుకుని తీరాలి. ఆ విధంగా ఏడో అంశం కింద "గేదె: సేకరించవలెను" అని తేలింది.

"నోరు మూసుకుని రాసుకోక నీకెందుకే ఆ మాటలు?" అంది మంగాయమ్మ. "అది చూడితో ఉంది. నెల కూడా లేదు ఈనడానికి. పోయిన ఈతలో దూడ అడ్డం తిరిగితే ఎంత యాతన పడిందో నీకు తెలీదా? ఈసారి నా చేతుల్లో ఈనాలి అది. నా చేతుల్లోనే."

"మూడు రోజులేనంటమ్మా. వచ్చే నెల నా కాంట్రాక్టు పొడిగించాలి. ఇవ్వనంటే..."

మంగాయమ్మ ఆ "అంటే" తర్వాత వచ్చేవన్నీ ఒక్క క్షణంలో ఊహించేసుకుంది. చివరికి తామిద్దరూ గేదెతో సహా రోడ్డున పడి ఉండటం కూడా కళ్ళకు కట్టింది. సరేనంది.

మర్నాడు పరిపాలనాధికారి కోదండపాణిగారు జీపు దిగి, ఫారం తీసి, పాక ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"పరికరం తయారైన సంవత్సరం?"

"ఎవరండీ?"

"పరికరం. ఈ ఎదురుగా ఉన్నది."

"ఆరో ఏడు నడుత్తందండి దానికి."

"తయారీ సంస్థ?"

మంగాయమ్మ కాసేపు ఆలోచించింది. "అంటే... వాళ్ళమ్మాండి? అది పోయి నాలుగేళ్ళయిందండి."

'సంస్థ మూతపడినది' అని రాసుకున్నాడు కోదండపాణి. "దేనితో నడుస్తుంది? విద్యుత్తా, డీజిలా?"

"కుడితి తాగుద్దండి. నీళ్ళూ తాగుద్ది."

'ద్రవముతో నడుచును.' "శబ్దం చేస్తుందా?"

చంద్రి తల ఎత్తి, పాక అదిరేలా అరిచింది. 'చేయును' అని రాశాడు.

"బాబుగారూ, ఇది నిండు చూడి గేదండి," అంది మంగాయమ్మ రెండు చేతులూ నలుపుకుంటూ. "అది కూడా రాసుకోండి. రేపొద్దున ఏదన్నా అయితే..."

కోదండపాణి ఫారాన్ని పైనుంచి కింది దాకా, వెనక్కి తిప్పి మళ్ళీ పైనుంచి కింది దాకా చూశాడు. "ఆ గడి ఇందులో లేదమ్మా," అన్నాడు ఎంతో బాధగా. "గడి లేని స్థితిలో పరికరం ఉండటానికి అవకాశం లేదు."

చంద్రిని మేడలో ఏసీ గదిలో పెట్టారు. తలుపు మీద 'ప్రమాణ పరికరం - 1. తాకరాదు' అని బోర్డు తగిలించారు. కుడికొమ్ముకు ఒక నంబరు చీటీ అంటించారు. చలికి చంద్రి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మంగాయమ్మ గోనెపట్టా తెచ్చి కప్పబోతే, పరికరానికి ముసుగు వేస్తే వేడెక్కి చెడిపోతుందని తీయించేశారు.

జీ-47కు ఇచ్చిన గడ్డినే తూచి చంద్రికీ ఇచ్చారు. డాక్టరేట్ పట్టా ఉన్న ఒక కుర్రవాడు పేడ పట్టడానికి పళ్ళెం పట్టుకుని చంద్రి వెనకే నిలబడ్డాడు. మూడో రోజు లెక్క తేలింది. జీ-47 తొమ్మిది రోజుల్లో చేసిన పని చంద్రి రెండు రోజుల్లో పూర్తిచేసి, మిగతా సమయంలో ఆ కుర్రవాడి సంచీ పట్టీ కూడా సగం అరిగించింది.

డాక్టర్ వరహాలరావుగారు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకోసారి చూశాడు. "పరికరంలో లోపం ఉంది," అన్నాడు.

"అవునండి. లోపం స్పష్టంగా కనబడుతోంది," అన్నాడు కోదండపాణి.

"ఎనిమిదేళ్ళ కృషి తప్పు కావడానికి వీల్లేదు. ప్రమాణం జీ-47కు దగ్గరగా ఉండాలి కదా. ఉంటేనే కదా పోలిక కుదిరేది? ఇది అతివేగంగా పనిచేస్తోంది. సరిచేయించండి."

మూడు రోజులు అయిపోయాయని పలుపుతాడు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ మంగాయమ్మకు కోదండపాణి ఆ సంగతి చెప్పాడు. "పరికరాన్ని సరిచూసి ధ్రువీకరణ పత్రం వచ్చేదాకా ప్రాంగణం దాటించరాదమ్మా. నిబంధన."

"ఎన్నాళ్ళకొత్తదండి ఆ పత్రం?"

"పరికరం తప్పు ఒప్పుకున్న మీదట."

సరిచూసే ఇంజనీరు నాలుగు రోజులకు వచ్చాడు. మెడలో టేపు, చేతిలో స్క్రూడ్రైవరు. చంద్రి చుట్టూ రెండుసార్లు తిరిగి, తోక ఎత్తి చూసి, "సున్నా ఎక్కడ సరిచేయాలి దీనికి?" అని అడిగాడు. ఎవరికీ తెలియలేదు. ఏ పరికరాన్నయినా ముందు ఖాళీగా నడిపి చూడాలని, లోపలికి ఏమీ వేయనప్పుడు అది సున్నా చూపిస్తేనే తర్వాత చూపించేదాన్ని నమ్మవచ్చని ఆయన వివరించాడు. కనుక ఒక రోజంతా గడ్డి ఆపేయమన్నాడు.

కస్తూరి ఫోన్లో ఈ మాట చెప్పినప్పుడు మంగాయమ్మ అన్నం వార్చుతోంది. గంజి సగం పొయ్యిలో పోసేసింది.

"చూడి గేదెని పస్తు పెడతారా? కడుపులో దూడ ఏమైపోద్దే? వాళ్ళ ఇళ్ళల్లో ఆడాళ్ళు లేరా?"

"ఒక్క రోజేనమ్మా."

"మూడు రోజులేనని కూడా ఇలాగే అన్నారు కదే!"

అయితే ఆ ఒక్క రోజు ఎవరూ అనుకోనిది జరిగింది. తొట్టి ఖాళీ. గదిలో గడ్డిపోచ లేదు. అయినా చంద్రి తీరిగ్గా పడుకుని, కళ్ళు అరమోడ్చి, దవడలు ఆడిస్తూనే ఉంది. ఇంజనీరు గంటకోసారి రాసుకున్నాడు. పది గంటలకు: నడుచుచున్నది. పదకొండుకు: నడుచుచున్నది. మధ్యాహ్నం పేడ కూడా వేసింది. ఇంజనీరు పరుగున వెళ్ళి డైరెక్టర్‌గారినీ, కోదండపాణినీ పిలుచుకొచ్చాడు.

"నెమరేస్తోందండీ," అంది కస్తూరి.

"అంటే?" అన్నాడు ఇంజనీరు.

"నిన్న తిన్నది మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని..."

"నిన్నటి ప్రయోగం నిన్నటితో ముగిసిందమ్మాయ్, సంతకాలు కూడా అయిపోయాయి," అన్నాడు డైరెక్టర్ ఆమెను చేత్తో వారించి. ఆయన ముఖం వెలిగిపోతోంది. "ముడిపదార్థం లేకుండా ఉత్పత్తి! కోదండపాణిగారూ, మనం ఇన్నాళ్ళూ గడ్డిని ఎలా కరిగించాలా అని ఆలోచించాం. గడ్డి ఎందుకు అని ఆలోచించలేదు!"

ఆ సాయంత్రమే రాజధానికి నివేదిక వెళ్ళింది. దాని పేరు 'శూన్యము నుండి పేడ: తొలి ఫలితములు'. నివేదికలో ఎక్కడా గేదె అన్న మాట లేదు, పరికరం అనే ఉంది. దాంతోపాటే ఇంకో ఉత్తర్వు తలుపు మీద అంటించారు. ముడిపదార్థము అవసరము లేదని రుజువైనందున పరికరమునకు గడ్డి సరఫరా శాశ్వతముగా నిలిపివేయడమైనది.

ఆ మాట విన్న రాత్రి మంగాయమ్మ ఏడవలేదు. ఏడిస్తే అపశకునమని భయం. పొద్దున్నే లేచి, పెళ్ళిళ్ళలో వాడే ఆరు గిన్నెల క్యారేజీ అటక మీంచి దింపింది. పై గిన్నెలో కూతురికి అన్నం పెట్టింది. కింది అయిదింటిలో నానబెట్టిన ఉలవలు, తవుడు, తెలకపిండి కుక్కింది. చేతిసంచీ నిండా పచ్చగడ్డి తీసుకుంది.

గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. "ఏంటమ్మా ఇంత క్యారేజీ?"

"పిల్లకండి. బాగా తింటదండి."

"మరి సంచీలో?"

"ఆకుకూరండి."

"ఇంత ఆకుకూరా?"

"పిల్లకి రక్తం తక్కువండి బాబూ," అంది మంగాయమ్మ. అబద్ధం ఆడినందుకు నిజంగానే పిల్లకు రక్తం తగ్గిపోతుందేమోనని అప్పటికప్పుడు భయపడి, మనసులో దండం పెట్టుకుంది.

అలా వారం రోజులు జరిగింది. భోజనాల వేళ కస్తూరి తలుపు గడియ పెట్టేది, తల్లి చంద్రికి గుప్పెళ్ళతో తినిపించేది. తినిపిస్తూ పొదుగు చూసేది, తోక మొదలు తడిమేది. పొదుగు దిగుతోంది. తోక పక్కన ఎముకలు జారుతున్నాయి. "ఇంకెన్నో రోజుల్లేవే," అని కూతురి చెవిలో గొణిగేది, చంద్రి వింటే కంగారు పడుతుందని.

ఇటు మండలిలో మాత్రం పేడ ఆగకుండా వస్తోంది. గడ్డి ఆపేసి వారమైనా ఉత్పత్తి తగ్గలేదు సరికదా, పెరిగింది. డైరెక్టర్‌గారు రెండో నివేదిక పంపాడు. రాజధాని నుంచి ఛైర్మన్‌గారు స్వయంగా శుక్రవారం పరిశీలనకు వస్తున్నట్టు తంతి అంత వేగంగా జవాబు వచ్చింది.

గురువారం మంగాయమ్మ కోదండపాణి గదికి వెళ్ళి చేతులు జోడించింది. "అయ్యగారూ, ఇవాళో రేపో ఈనేత్తదండి. ఇంటికి తోలుకుపోనివ్వండి. ఈనాక మళ్ళీ నేనే తోలుకొత్తాను."

"రేపు ఛైర్మన్‌గారి పరిశీలన. ఈలోగా ఈనడానికి వీల్లేదమ్మా."

"దానికెలా చెప్పమంటారండి?"

"అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టమనండి. కారణం, తేదీ, ఎంతసేపు పడుతుంది, ఆ సమయంలో విధులకు ఆటంకం కలగదన్న హామీ. అన్నీ రాయాలి."

అయిదో తరగతి దాకా చదివిన మంగాయమ్మ కూతురి చేత రాయించలేదు. తప్పు పోతే కూతురి ఉద్యోగానికి చుట్టుకుంటుందని తనే కూర్చుని రాసింది. 'అయ్యా, మా చంద్రి ఈనుటకు అనుమతి కోరుతూ రాయునది. కారణం నెలలు నిండుట వలన. తేదీ నా చేతిలో లేదు, దాని చేతిలో కూడా లేదు. దయచేసి నన్ను దగ్గరుండనివ్వండి.' కింద సంతకం చేసి, పక్కన చంద్రి తరఫున ఒక గీత కూడా గీసింది.

సాయంత్రానికి జవాబు వచ్చింది. 'పరికరము తరఫున ఇతరులు చేసుకొను దరఖాస్తులు స్వీకరించబడవు.'

శుక్రవారం పదకొండింటికి ఛైర్మన్‌గారు వచ్చాడు. తెల్లని సఫారీ, వెనక ఇద్దరు సభ్యులు, పూలగుత్తులు. మంగాయమ్మ క్యారేజీతో వరండాలో ఓ మూల నిలబడింది. డైరెక్టర్‌గారు శూన్యం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, తలుపు తెరిపించాడు.

ఛైర్మన్‌గారు లోపలికి తొంగిచూసి, "ఇది గేదెలా ఉందే?" అన్నాడు.

"ఆకృతి అలా ఉంటుందండి," అన్నాడు డైరెక్టర్.

"నివేదికలో పరికరం అని రాశారు."

"పరికరమేనండి. కొమ్ముకు నంబరు కూడా ఉంది, గమనించగలరు."

ఛైర్మన్‌గారు నంబరు గమనించి తృప్తిపడ్డాడు. అంతలో చంద్రి లేచింది, పడుకుంది, మళ్ళీ లేచింది. తోక పక్కకు పెట్టి ఒక మూలుగు మూలిగింది. ఆ మూలుగు వరండాలో ఉన్న మంగాయమ్మకు పొత్తికడుపులో వినబడింది.

క్యారేజీ అక్కడే వదిలేసి, పూలగుత్తులను తోసుకుని, సభ్యులిద్దరినీ చెరో పక్కకు నెట్టి ఆమె లోపలికి పరిగెత్తింది. "ఏసీ ఆపండి ముందు! అమ్మాయ్, గోనెపట్టా! ఓ తెల్లబట్టల బాబూ, ఊరికే నిలబడతారేంటి, ఆ తలుపు వేసి ఇలా రండి!"

"నేను ఛైర్మన్‌ని," అన్నాడాయన.

"మంచిదేనండి. తల పట్టుకోండి."

ఛైర్మన్‌గారు తల పట్టుకున్నాడు. జీవితంలో ఇంత స్పష్టమైన ఆదేశం ఆయనకు ఎవరూ ఇచ్చి ఉండరు. మంగాయమ్మ చెయ్యి లోపలికి పెట్టింది. అడ్డం తిరిగిందేమో, మెడ వెనక్కి మడిచిందేమో, బొడ్డు చుట్టుకుందేమో. ఇరవై రోజులుగా ఆమె భయపడినవన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ తడిమి చూసింది. ముందు రెండు గిట్టలు, వాటి మీద ముక్కు. అంతా తిన్నగా ఉంది. ఆమె భయపడిన ఒక్కటీ జరగలేదు. అది ఆమెకు ఎంత కొత్తగా అనిపించిందంటే, ఇంకేదో మరిచిపోయానేమోనని మళ్ళీ ఓసారి తడిమింది.

"ఇటొచ్చి లాగండి బాబూ, నాతోపాటు! ఇంకొంచెం... ఆ... పెయ్యండి! పెయ్యదూడండి!"

దూడ ఒంటిని చంద్రి నాకుతోంది. సఫారీ ఇక తెల్లగా లేదు.

మొదట తేరుకున్నది కోదండపాణి. "శూన్యము నుండి పేడ వరకే నివేదించామండి," అన్నాడు మెల్లగా. "దూడను నివేదించలేదు. దీనికి కొనుగోలు ఉత్తర్వు కూడా లేదు."

అందరూ ఛైర్మన్‌గారి వైపు చూశారు. ఆయన చేతులు తుడుచుకుని, కళ్ళు మూసుకుని, నిబంధనలు తలుచుకున్నాడు.

"నియమావళిలో పరికరం ఈనుతుందని ఎక్కడా లేదు," అన్నాడు. "ఇది ఈనింది. నా కళ్ళారా చూశాను. కనుక ఇది పరికరం కాదు."

"కాదండి," అన్నాడు డైరెక్టర్ నీరసంగా.

"మరి పరికరం ఏదీ?"

డైరెక్టర్ వంగి బల్ల కింద చూశాడు.

"అంటే పరికరం కనబడటం లేదన్నమాట. శూన్యం నుంచి ఉత్పత్తి చేసే పరికరం! దేశంలో ఒకే ఒక్కటి! దాన్ని కాపాడుకోలేకపోయారు." ఆయన గొంతు పెరిగింది. "పైగా ఏసీ గదిలోకి పశువును రానిచ్చారు. ఎవరిదమ్మా ఈ గేదె?"

మంగాయమ్మకు జైలు కనిపించింది. జైల్లో చంద్రికి గడ్డి పెడతారో లేదో అని కూడా అనిపించింది. "నాదేనండి," అంది.

"పరిశోధనా ప్రాంగణంలో పశువులు తిరగరాదని గేటు మీద రాసి ఉంది. చదువుకోలేదా? తక్షణం తోలుకుపో! ఇంకోసారి ఈ చుట్టుపక్కల కనబడితే బందెల దొడ్డికి పంపిస్తాను!"

"ఇంకెప్పుడూ రానండి," అంది మంగాయమ్మ. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. "ఒట్టండి. ఈ జన్మలో రానండి."

దూడను కస్తూరి ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆటో వెనక చంద్రి, చంద్రి వెనక మంగాయమ్మ. దారి పొడుగునా ఆమె నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ రాలేదు. వాళ్ళంతా మేడలో పరికరం కోసం బల్లల కింద వెతుకుతున్నారు.

ఆ మర్నాడే కస్తూరి కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. తప్పిపోయిన పరికరాన్ని రోజూ దగ్గరగా చూసి ఆనవాలు పట్టగలిగిన ఉద్యోగిని ఆమె ఒక్కతే కాబట్టి, అన్వేషణ బృందానికి ఆమెను పెద్దను చేశారు. ఖాళీ గదికి ఇద్దరు కాపలాదారులను కూడా వేశారు.

మూడో రోజు పొద్దున్న జీపు చప్పుడు విని మంగాయమ్మ దూడను చీర చెంగు కింద దాచబోయింది. కోదండపాణి ఒక్కడే దిగాడు. చేతిలో ఫారం లేదు, స్టీలు డబ్బా ఉంది.

"గేదె ఈనింది కదమ్మా," అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ. "మా ఇంట్లో వాళ్ళు జున్నుపాలు అడుగుతున్నారు."

మంగాయమ్మ చెంగు సర్దుకుంది. డబ్బా నింపి, ఇంట్లో వండిన జున్ను కూడా గిన్నెలో పెట్టి ఇచ్చింది. పాక ముందు అదే కుర్చీలో కూర్చుని, బెల్లం, మిరియాలు కలిసిన ఆ జున్ను తింటూ ఆయన ఒక నిట్టూర్పు విడిచాడు.

"కాలవలో కూడా గాలించామమ్మా. జాడ లేదు. డైరెక్టర్‌గారు భోజనం మానేశారు."

"అయ్యో పాపం," అంది మంగాయమ్మ. మనస్ఫూర్తిగానే అంది. మనిషి తిండి మానేస్తే ఏమవుతుందోనని ఆమెకు ఎప్పుడూ భయమే.

చంద్రి తల చాచి, కుర్చీ పక్కనున్న గడ్డి మోపులోంచి ఒక చారెడు లాక్కుని నమలడం మొదలుపెట్టింది. కోదండపాణి దాని వైపు చాలాసేపు చూశాడు. దాని కుడికొమ్ము మీద సగం చిరిగిన నంబరు చీటీ ఇంకా అంటుకునే ఉంది. మంగాయమ్మ గుండె ఆగింది.

"తిండిపోతు గేదమ్మా మీది," అన్నాడాయన తల ఊపుతూ. "మా పరికరం అలా కాదు. పాపం, ఏమీ తినేది కాదు."

మంగాయమ్మ ఇంకో గరిటెడు జున్ను ఆయన గిన్నెలో వేసింది.